దొరసాని పటంలో పచ్చబొట్టు

మా నాయనమ్మ ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. చేనేత ఇంటి కోడలు, కెమెరా ముందు ఎన్నడూ నిలబడలేదు. కానీ "దొరసాని కుర్చీల కూసున్న, నా బొమ్మ గీసిన్రు" అని చెప్పేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం, అందరికన్నా గట్టిగా నేనే. ఆమె పోయాక ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేసేది. అందుకే ఆ దొరసాని ఉన్న గడీ, కోటలాంటి ఆ పాత బంగళా చూడాలని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో బస్సెక్కితే ఎనిమిదిన్నరకు సిద్దిపేట. ఇడ్లీ తిని, చంద్లాపూర్ అవతలి ఊరికి ఆటో మాట్లాడుకున్నాను, రానుపోను ఐదువందలు. "గా పాడుబడ్డ గడీల ఏమున్నదక్కా? రంగనాయక సాగర్ కట్ట కాడ ఫొటోలు దిగరాదు!" అన్నాడు డ్రైవర్. "మా నాయనమ్మ ఉందేమో చూసొస్తా తమ్ముడూ" అన్నాను. అద్దంలోంచి ఎగాదిగా చూశాడు. ఆటో వేగం పెంచాడు.

గడీకి కాపలా ఉండే మల్లవ్వ తాళం తీసింది. లోపలి గదిలో నిలువెత్తు పటం. ఎర్రని గొల్లభామ చీర, అంచు పొడవునా చల్లకుండలెత్తుకున్న భామలు. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, మెడలో నల్లపూసలు, పక్కనే తులసిపేరు. ముత్తయిదువ అని బొట్టూ పూసలూ చెబుతాయి, విష్ణుభక్తురాలని తులసి చెబుతుంది. ముఖం మాత్రం నాయనమ్మది కాదు. ప్రాణం ఉసూరుమంది.

"గిది దొర పోయినంక గీయించిన్రు బిడ్డా" అంది మల్లవ్వ. "కొడుకేమో అమ్మ ముత్తయిదువ లెక్కనే ఉండాలన్నడు. మొగడు పోయినామె రంగుచీర ఎట్ల కడ్తది? తెల్లచీరల కూసుంటే బొమ్మలు గీసేటాయన మొఖం మటుకు గీసుకున్నడట. చీర కట్టి, సొమ్ములు పెట్టుకొని ఆమె బదులు కూసునేటందుకు గా చీర నేసినాయన పెండ్లాన్ని పిలిపిచ్చిన్రట. మా అవ్వ చెప్పేది."

గబగబా పటం దగ్గరికి వెళ్లాను. ఒళ్లో పెట్టుకున్న ఎడమ ముంజేతి మీద, బంగారు గాజుల వెనక, ఆకుపచ్చని తేలు పచ్చబొట్టు. తోక సగమే ఉంది. పొడుస్తుంటే నొప్పికి చెయ్యి లాగేసుకున్నానని నాయనమ్మ చెప్పేది. చిన్నప్పుడు దానిమీద వేలు పెట్టి "కుడ్తదా?" అని అడిగేదాన్ని. "అగో, మా నాయనమ్మ!" అని అక్కడే ఏడ్చేశాను.

మల్లవ్వ కళ్లజోడు సర్దుకుని చూసింది. "అవ్వో! దొరసానులు పచ్చబొట్టు పొడిపిచ్చుకుంటరా? ఇన్నేండ్ల సంది తుడుస్తున్న, నాకు కానరాలే!"

బొమ్మ గీసినాయన ఎక్కడివాడో, ఎదురుగా కనబడింది కనబడినట్టు గీసి పెట్టాడు. ఆయన పుణ్యమే. నాయనమ్మ అబద్ధమాడలేదు, మేమే నమ్మలేదు. మీరు వెళ్తే పదకొండు లోపే వెళ్లండి, కిటికీ వెలుగు అప్పుడే పటం మీద పడుతుంది. ముఖం ఒక్కటే చూసి తిరిగి రాకండి, చేతులు కూడా చూడండి. నేను ఫోనులో తీసుకొచ్చాను, మా ఇంట్లో ఇప్పుడు దండ వేసిన ఫొటోలో ఉన్నది ఆ చెయ్యే.