తిరగేసి తట్టిన పెట్టె

నూజివీడు నుంచి మైలవరం వెళ్లే రోడ్డులో పాండురంగారావు గారి మామిడి షెడ్డు ఉంది. అందులో పెట్టెల లెక్క రాసే గుమాస్తా భాగ్యవతి. షెడ్డు మొత్తం మీద కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె తల్లి అదే షెడ్డులో నేలమీద కూర్చుని పెట్టెల్లో గడ్డి పరిచి కాయలు పేర్చింది. భాగ్యవతి బీకాం చదివింది కాబట్టి నేల నుంచి కుర్చీకి వచ్చింది. భర్త రత్నబాబు షెడ్డు వెనక పాకలో పెట్టెలు కొడతాడు. నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని, ఒక్కో మేకుకి రెండే దెబ్బలు. మూడో దెబ్బ పడితే చెక్క పగులుతుందంటాడు.

కుర్చీ ఉన్నా, కాయ ఉన్న మూడు నెలలే పని. తర్వాత అందరితో పాటు ఆమె కూడా నాట్లకి వెళ్లేది. ఏడాదంతా ఉండే పని కావాలన్నది ఆమె కోరిక. 1983లో పేపర్లో ఒక ప్రకటన చూసింది. హైదరాబాదులో ఒక సంస్థ పోస్టులో పాఠాలు పంపి పీజీ డిగ్రీ ఇస్తుందట. చదువు పేరు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. కంప్యూటర్‌తో ఆఫీసుల లెక్కలు, వివరాలు నడిపించే విద్య. బెజవాడ ఆఫీసుల్లో అలాంటి వాళ్లకి ఉద్యోగాలు వస్తాయని ప్రకటనలోనే ఉంది. ఆమె చేరింది.

నెలకోసారి దళసరి కవరు వచ్చేది. పాఠాలు ఇంగ్లీషులో ఉండేవి. ఆమె ఒక్కో పేరా మూడుసార్లు చదివి, నాలుగోసారి తెలుగులో అంచున రాసుకునేది. రాత పరీక్షలు బెజవాడ వెళ్లి రాసింది, అన్నీ గట్టెక్కింది. మిగిలింది ప్రాక్టికల్. హైదరాబాదులో పన్నెండు రోజులు ఉండి, సొంతంగా రాసిన ప్రోగ్రాం మెషీన్ మీద నడిపి చూపించాలి. అది ప్రతి ఏడూ మే నెలలోనే. 1985లో టికెట్టు కూడా తీసుకుంది. ప్రయాణానికి ముందురోజు గాలివాన వచ్చి తోటల్లో కాయ సగం నేలరాలింది. రాలిన కాయని రెండు రోజుల్లో పంపకపోతే ఎందుకూ పనికిరాదు. ఆమె వెళ్లలేకపోయింది. ఇక 1986 ఒక్కటే మిగిలింది. మూడేళ్ల గడువు ఆ జూన్‌తో సరి. అప్పటికీ ప్రాక్టికల్ కాకపోతే రాసిన పరీక్షలన్నీ వృథా.

అప్పటిదాకా ఆమె కంప్యూటర్‌ని చూడలేదు. చూడని మెషీన్ కోసం రాసిన ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక పాఠంలో దానికి ఉపాయం చెప్పారు. మెషీన్ చేసే పనంతా మనమే ఒక్కో అడుగూ చేతితో చేసి చూసుకోవాలట. మార్చిలో షెడ్డు ఖాళీ. కాయ పేర్చే నాగేంద్రమ్మ, అచ్చమ్మ పాత పెట్టెలు బాగుచేయడానికి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక భాగ్యవతి వాళ్లని పట్టుకుంది.

నాగేంద్రమ్మ ఆ షెడ్డులో పాతికేళ్లుగా కాయ పేరుస్తున్న మనిషి. సొన పడి పడి ఆమె వేళ్ల చివర్లు నల్లబడిపోయాయి. ఆమె దగ్గర పని నేర్చుకునే వాళ్లకి మొదటి మాట ఒకటే. పెట్టె దులపకుండా కాయ పెట్టకు. తిరిగొచ్చిన పెట్టెలో పాత గడ్డి ఉంటుంది, కుళ్లిన కాయ రసం అంటి ఉంటుంది, ఊడిన మేకు ఉంటుంది. అది దిగే ఊరు చేరేలోపు పక్క కాయల్నీ పాడుచేస్తుంది. అందుకని ఆమె పెట్టెని తిరగేసి, అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టేది. కొత్త పెట్టె అయినా సరే తట్టాల్సిందే.

"మెషీన్ బుర్రలో గదులుంటాయట పిన్నీ," అంది భాగ్యవతి. "ఒక్కో గదికీ ఒక పేరు. ఈ రెండు పెట్టెలూ గదులనుకో." ఒక పెట్టె మీద సుద్దతో 'తోట' అని, రెండోదాని మీద 'మొత్తం' అని రాసింది.

"నా బుర్రలో ఒక్క గదీ లేదనేవాడు మా ఆయన," అంది అచ్చమ్మ.

"ఉంటే నిన్ను చేసుకునేవాడా?" అంది నాగేంద్రమ్మ.

భాగ్యవతి ప్రోగ్రాం చిన్నదే. మూడు తోటల నుంచి బండ్లలో వచ్చిన పెట్టెలు కూడాలి. ఏ తోట లెక్క ఆ తోటకి చెప్పాలి, చివర్న అన్నీ కలిపి చెప్పాలి. లెక్కకి చెట్ల కింద రాలిన పిందెలు ఏరుకొచ్చారు. పలక మీద బండికి నాలుగు అని ఉంటే, అచ్చమ్మ నాలుగు పిందెలు తోట పెట్టెలోనూ, ఇంకో నాలుగు మొత్తం పెట్టెలోనూ వేయాలి. తోట మారగానే నాగేంద్రమ్మ తోట పెట్టెలో పిందెలు లెక్కపెట్టి కేకేయాలి. అదే మెషీన్ అచ్చు వేయడం. భాగ్యవతి స్టూలు మీద కూర్చుని గళ్ల కాగితంలో రాసిన ప్రోగ్రాం ఒక్కో వరుసా చదివేది.

"నేను చదివిందే చెయ్యాలి. చదవనిది చెయ్యకూడదు. మెషీన్‌కి సొంత తెలివి ఉండదు."

"అయితే మా కోడలే," అంది నాగేంద్రమ్మ.

మొదటిరోజే ఒక తప్పు దొరికింది. మూడో తోట బండ్లు అయిపోగానే భాగ్యవతి కాగితం మడిచేసింది.

"మూడో తోట లెక్క అడగవేంటే?" అంది నాగేంద్రమ్మ.

చూసుకుంటే నిజమే. తోట మారినప్పుడు చెప్పమని రాసింది. మూడోదాని తర్వాత మారడానికి ఇంకో తోట లేదు. ఆ రెండు వరుసలూ రాసి చేర్చింది. వారం రోజులు ఆడారు. నాగేంద్రమ్మ పిందెలు లెక్కపెట్టి కేకేయడం, పెట్టె తట్టి "కానీ, రెండో తోట" అనడం. ప్రతిరోజూ లెక్క సరిపోయింది. భాగ్యవతికి ధైర్యం వచ్చింది.

ఏప్రిల్లో పాండురంగారావు గారి దగ్గరికి వెళ్లింది.

"మే ఆరు నుంచి సెలవు కావాలండి. పన్నెండు రోజులు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా షెడ్డులో మే నెలలో పెళ్లికూతురు కూడా సెలవు అడగదమ్మా."

"నిరుడు ఆగిపోయానండి. ఇదే ఆఖరు."

"వెళ్లు. నేను వద్దనను. కానీ లారీ నీ కోసం ఆగదు, ఆ కుర్చీ ఖాళీగా ఉంచలేను. ఎవరో ఒకరిని కూర్చోబెడతాను. వాళ్లు కూర్చున్నాక లేవమనలేను. తర్వాత నన్ను అనొద్దు."

ఇంట్లో రత్నబాబు ఊరుకోలేదు.

"చేతిలో కాయ పారేసి చెట్టు మీద కాయకి రాయి విసురుతున్నావు. అసలా మెషీన్ ఎలా ఉంటుందో చూశావా?"

"నువ్వు ఢిల్లీ చూశావా? నువ్వు కొట్టిన పెట్టె అక్కడికి వెళ్లట్లేదూ?"

"పెట్టెకి పరీక్ష లేదే," అన్నాడు రత్నబాబు.

అయినా ఆమె వెళ్లింది.

హైదరాబాదులో మెషీన్ గదికి చెప్పులు బయట విప్పి వెళ్లాలి. లోపల చలి. మొదటిరోజు ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. మిగతా విద్యార్థుల్లో ఎక్కువమంది బ్యాంకుల నుంచీ కంపెనీల నుంచీ వచ్చిన మగవాళ్లు. మెషీన్ పేర్లు చుట్టాల పేర్లలా చెప్పుకునేవాళ్లు. పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్లు. ఆమె చివరి బల్ల దగ్గర కూర్చుని చెప్పింది రాసుకునేది.

ఒక్కొక్కరికి మెషీన్ మీద రెండే అవకాశాలు. పదో రోజు ఒకటి, అది సరిచూసుకోవడానికి. పన్నెండో రోజు రెండోది, అదే పరీక్ష. కాగితం మీద రాసిచ్చిన ప్రోగ్రాంని ఆపరేటర్లు ముందే మెషీన్‌లోకి ఎక్కిస్తారు. అంకెలు అప్పటికప్పుడు ల్యాబ్ మాస్టారు ఇస్తారు.

పదో రోజు ఆమె వంతు వచ్చింది. తోటలు మూడు. మొదటిదానికి ముప్పై పెట్టెలు, రెండోదానికి ఇరవై, మూడోదానికి పాతిక. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పరిగెత్తాయి. తప్పు ఉందని మెషీన్ ఎక్కడా ఆగలేదు. ముందు నడిపిన ఆరుగురికీ ఆగింది.

"మొదటిసారే నడిచిందే!" అన్నారు మాస్టారు. ప్రింటరు గరగరమని కాగితం కక్కింది. ఆయన దాన్ని చింపి చూసి, మొహం చిట్లించి ఆమెకి ఇచ్చారు.

మొదటి తోట ముప్పై. రెండో తోట యాభై. మూడో తోట డెబ్బై అయిదు. అన్నీ కలిపి డెబ్బై అయిదు.

"మొత్తం సరిగ్గానే ఉంది. తోటల లెక్క తప్పు," అన్నారు ఆయన.

"అలా రాదండీ. మా ఊళ్లో వారం రోజులు నడిపాం. రోజూ సరిపోయింది."

"మీ ఊళ్లో కంప్యూటర్ ఉందా?"

వెనక ఎవరో నవ్వారు.

"తప్పెక్కడో మీరే చూసుకోవాలి. చెప్పడానికి నాకు పర్మిషన్ లేదు. సరిచేసిన కాగితాలు రేపు అయిదింటికల్లా ఇచ్చేయండి."

మర్నాడు పొద్దుట హాస్టల్ వరండాలో కూర్చుని కాగితం చదివింది. ఎనభై రెండు వరుసలు. పన్నెండింటికి ఆరోసారి చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈపాటికి షెడ్డులో తన కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు. ఇక్కడ ఈ కాగితం. రెండూ పోతే రత్నబాబు ఏమీ అనడు. అనకుండా మేకులు కొడతాడు, అది ఇంకా కష్టం. లేచి వంటగదిలోకి వెళ్లి, వంటమనిషిని అడిగి రెండు స్టీలు గ్లాసులు, గుప్పెడు శనగలు తెచ్చుకుంది.

ఈసారి అచ్చమ్మ లేదు, నాగేంద్రమ్మ లేదు. అన్నీ తనే చెయ్యాలి. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక్కో వరుసా పైకి చదువుతూ చేసింది. మొదటి బండికి మూడు శనగలు. రెండో బండికి రెండు. తోట మారింది. తోట గ్లాసులోవి లెక్కపెట్టి "అయిదు" అంది. కాగితం మీద రాసింది. గ్లాసు ఎత్తి, తిరగేసి, అడుగున రెండుసార్లు తట్టింది.

శనగలు వరండాలో దొర్లిపోయాయి.

గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. ఆమె చేతి వంక చూసింది, కాగితం వంక చూసింది. లెక్క చెప్పమని ఒక వరుస ఉంది. దాని కింద, తర్వాతి బండి తీసుకోమని ఉంది. ఆ రెండింటి మధ్యా ఏమీ లేదు. గ్లాసు ఖాళీ చెయ్యమని ఎక్కడా రాయలేదు. ఆ పని కాగితంలో లేదు. నాగేంద్రమ్మ చేతిలో ఉంది, తల్లి చేతిలో ఉండేది, ఇప్పుడు తన చేతిలోనూ ఉంది. చదివిందే చెయ్యాలని వారం రోజులు అరుస్తూ, చదవనిది నాగేంద్రమ్మ చేస్తుంటే కళ్లెదుట చూస్తూ కూర్చుంది. మెషీన్‌కి ఆ అలవాటు లేదు. పాత ముప్పై మీదే కొత్త ఇరవై పోసింది.

లెక్క చెప్పగానే తోట గదిని సున్నా చెయ్యమని ఒకే ఒక్క వరుస రాసింది. నాలుగున్నరకి కాగితాలు ఇచ్చింది.

పన్నెండో రోజు మాస్టారు వేరే అంకెలు ఇచ్చారు. ప్రింటరు కక్కిన కాగితంలో అంకెలు ఆయన రెండుసార్లు కూడి చూసుకున్నారు. ఆమె కార్డు మీద పాస్ అని రాసి సంతకం పెట్టారు.

"తప్పు ఎక్కడ దొరికింది?"

"పెట్టె దులపలేదండీ."

ఆయనకి అర్థం కాలేదు. వెనక ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. తర్వాతి వాళ్లని పిలిచారు.

బస్సు దిగి తిన్నగా షెడ్డుకి వచ్చింది. కుర్చీలో పాండురంగారావు గారి మేనకోడలు కల్యాణి కూర్చుని ఉంది. చిన్నపిల్ల, ఇంటర్ అయింది. భాగ్యవతిని చూసి లేవబోయింది. పాండురంగారావు గారు చేత్తో ఆపారు.

"చెప్పాను కదమ్మా," అన్నారు. గొంతులో కోపం లేదు. "వచ్చే ఏడు చూద్దాం."

వెనక పాకలో రత్నబాబు నోట్లో మేకులు తీశాడు.

"అయిందా?"

"పాసయ్యాను. డిగ్రీ కాగితం పోస్టులో వస్తుందట. అక్టోబర్‌లో."

"అప్పటిదాకా?"

ఆమె షెడ్డు వైపు చూసింది. రత్నబాబు కూడా చూశాడు. మేకులు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

భాగ్యవతి కొంగు నడుముకి దోపుకుని, నాగేంద్రమ్మ పక్కన నేలమీద కూర్చుంది. అక్కడ తల్లి కూర్చునేది. కాయ పేరుస్తూనే నాగేంద్రమ్మ అడిగింది.

"ఏమే, మా లెక్క సరిపోయిందా అక్కడ?"

"మొదట సరిపోలేదు పిన్నీ. తోట తోటకీ నువ్వు పెట్టె తట్టావు. నేను ఆ మాట రాయలేదు. ఏసీ గదిలో ఉన్నా ఆ మెషీన్‌కి రాస్తేనే తెలుస్తుంది."

నాగేంద్రమ్మ చేతిలో కాయతో ఆగిపోయింది. "దులపమని కూడా రాయాలా? ఆ మాత్రం తెలీని దాన్ని తీసుకెళ్లి ఏసీ గదిలో కూర్చోబెట్టారా?"

"నిన్ను కూర్చోబెట్టాల్సింది," అంది అచ్చమ్మ. అందరూ నవ్వారు. భాగ్యవతి కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

లారీ హారన్ కొట్టింది. కుర్చీ దగ్గర నుంచి కల్యాణి కంగారుగా పిలిచింది. "భాగ్యవతక్కా, రసాల పెట్టెలు ఏ గడిలో రాయాలి?"

"ఎడమ నుంచి మూడోది," అంది భాగ్యవతి. లేవలేదు.

నాగేంద్రమ్మ ఒక పాత పెట్టెని ఆమె ముందుకి తోసింది. భాగ్యవతి దాన్ని తిరగేసి, అడుగున రెండుసార్లు తట్టింది. ఎండిన గడ్డితో పాటు తుప్పు పట్టిన మేకు ఒకటి రాలింది. దాన్ని తీసి పక్కన పెట్టి, కొత్త గడ్డి పరిచింది.