పిస్టలు ఇంట్లో, మేము నేపర్‌విల్‌లో

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ కార్ల కంపెనీలు మనుషుల్ని వరసగా ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నాయి. నన్నూ తీసేశారు. అదృష్టవశాత్తూ షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది. ఎగిరి గంతేయవలసినవాణ్ణి, వేయలేకపోయాను. కారణం నా భార్య కరుణ.

కరుణ నర్సు. అంతకుముందు చలికాలం ఆసుపత్రి పార్కింగులో ఒకడు ఆమె మెడ మీద కత్తి పెట్టి పర్సు లాక్కుపోయాడు. ఆ తరవాత ఆమె పిస్టలు కొని, కాల్చడం నేర్చుకుని, కౌంటీ దగ్గర దాన్ని వెంట ఉంచుకునే పర్మిట్ కూడా సంపాదించింది. పిస్టలు పర్సులో ఉంటేనే షిఫ్టుకు వెళ్లేది. మా ఇంట్లో గురి ఆమెది. నా దగ్గర పేలేది నోరొక్కటే.

"అక్కడ క్యారీ చేయనిస్తారో లేదో తెలీకుండా నేను మూవ్ అవనండీ," అంది.

సరే, ఊరూ చూసినట్టుంటుంది, పోలీసుల్నీ అడిగినట్టుంటుందని బయల్దేరాం. ఈ సంగతి తెలిసి మా తెలుగు చర్చిలో ఒక పెద్దాయన హడలిపోయారు. "సిఫారసు లేకుండా, ఒట్టి చేతుల్తో పోలీస్ స్టేషన్‌కా బ్రదర్? అదీ తుపాకీ గురించి అడగడానికా? లోపలేస్తారు!" గుంటూరులో స్టేషన్ కనపడితే రోడ్డుకు అవతలి పక్కన నడిచినవాణ్ణి కనక నాకూ నిజమే అనిపించింది. సిఫారసు దొరకలేదు. పెళ్లినాటి సూటు తొడిగి, ఒక ప్లమ్ కేకు కొన్నాను. సూటు బొత్తాలు మాత్రం నాతో సహకరించలేదు.

శుక్రవారం పొద్దున్నే మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో రైలెక్కాం. పిస్టలు ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాం. కాలమజూలో వేటగాళ్ల టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. మా పని విని, "ఇంట్లో పెట్టి మంచి పని చేశారు. ఈ రైలు ఇండియానా మీదుగా పోతుంది, అక్కడి రూలు వేరు. మీరు వెళ్లే ఇల్లినాయ్‌ది ఇంకా వేరు," అన్నాడు. నేను కిటికీకి ముఖం ఆనించి చూశాను. అదే మొక్కజొన్న, అదే ఆకాశం. నేల మీద ఎక్కడా గీత లేదు. కానీ నేరం కానిది నేరమయ్యే చోటు ఆ పొలాల్లోనే ఎక్కడో ఉందట!

షికాగోలో గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాం. వయసు తిరగలేదు. స్టేషన్ హాల్లో, చర్చి కన్నా ఎత్తయిన కప్పు కింద పులిహోర తిని, లోకల్ రైలు పట్టుకుని మూడింటికి నేపర్‌విల్‌లో దిగాం.

పోలీస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నడివయసు పోలీసావిడ ఉంది. నేను కేకు ముందుకు జరిపాను.

"మేం గిఫ్టులు తీసుకోకూడదు సర్. మీ ప్రశ్నేమిటి?"

కరుణే అడిగింది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తుపాకీ ఉంచుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే కార్డు ఉండాలి. కారులో తెస్తే గుళ్లు తీసి, పెట్టెలో మూసి తేవాలి. పర్సులో పెట్టుకుని తిరగడం కుదరదు.

"నాకు మిషిగన్ పర్మిట్ ఉంది, మేడమ్."

"అది మిషిగన్‌లోనే పర్మిట్, హనీ. పక్క ఊళ్లో ఇల్లు తీసుకుంటే ఆ ఊరి రూలు కూడా అడుగు. కొన్ని ఊళ్లలో పిస్టలు ఇంట్లో కూడా ఉండకూడదు."

ఊరికో చట్టం! అదీ మా పేర్లయినా అడక్కుండా చెప్పింది. ఇక్కడ చట్టం ఎవరికీ చుట్టం కాదు. కరుణ ముఖం మాత్రం వాడిపోయింది. నా ఉద్యోగం అక్కడే ఆగిపోయిందనుకున్నాను.

"ఇక్కడి హాస్పిటల్ కూడా చూద్దాం," అంది.

వెళ్లేసరికి సాయంత్రం షిఫ్టు మారుతోంది. నర్సులు ఇద్దరు ముగ్గురుగా, వెంట ఒక గార్డుతో కార్ల దాకా నడుస్తున్నారు. ఒకామెను కరుణ ఆపి అడిగింది. ఒంటరిగా ఎవర్నీ పంపరట. అందరూ వెళ్లిపోయేదాకా కరుణ అక్కడే నిలబడి చూసింది. ఆ రాత్రి మోటల్లో కేకు మేమే తిన్నాం.

మర్నాడు తిరుగు రైలు ఇండియానా దాటుతుండగా కరుణ అంది: "పర్సులో పెట్టుకోకూడదన్నది నా ఒక్కదానికే కాదు కదండీ?"

"అందరికీ."

"నా మెడ మీద కత్తి పెట్టినవాడు ఇలా రైలెక్కి వెళ్లి రూలు కనుక్కోడు."

"నువ్వు వద్దంటే నేను ఇంకో ఉద్యోగం వెతుక్కుంటా, కరుణా."

కరుణ తల అడ్డంగా ఊపింది. "ఆ నర్సులు నవ్వుకుంటూ నడిచారండీ. నేనలా కారు దాకా నడిచి ఎన్నాళ్లయిందో. పిస్టలు మిషిగన్‌లోనే అమ్మేద్దాం. సోమవారం ఆ కొత్త కంపెనీకి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి, నా మనసు మారకముందే."

అమెరికాలో నేను నోరు తెరుచుకుని చూసినవి చాలా ఉన్నాయి. ఆ పూట మాత్రం పక్క సీటుకేసి చూశాను. మా వెనక రాబోయేవాళ్లకు చెప్పేదొకటే. కొత్త ఊళ్లో ఇల్లు వెతికే ముందు రాష్ట్రం చట్టమూ, ఊరి చట్టమూ అడగండి. అడిగాక, చీకటిపడే వేళ అక్కడి ఆడవాళ్లు కార్ల దాకా ఎలా నడుస్తున్నారో కాసేపు నిలబడి చూడండి.