బాపు కాలికి కట్టిన పత్తి

దవాఖానలో ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఆ నర్సు నవ్వుతూనే మాట్లాడింది.

కొత్త జిల్లాలు అయిన ఏడాది అది. షుగరున్న మా బాపుకు కుడికాలి బొటనవేలు కింద పుండు పడింది. పోచంపల్లిలో మగ్గం నేసే మనిషికి ఆ వేలు పోతే తొక్కుడు చెక్క మీద పట్టు పోయినట్టే. నర్సు పుండు కడిగి, తెల్లటి మెత్తటి ముక్క ఒకటి కత్తిరించి పెట్టింది.

"లేత చర్మం ఇప్పుడిప్పుడే వస్తాంది. ఇది దానికి అంటుకోదు. పత్తితోనే చేస్తరు, రసాయనాలతోటి గుణం మారుస్తరు. తడి తాకితే జిగురు లెక్కయితది, ఫికర్ చెయ్యకుండ్రి. ఎల్లుండి దాక ఇప్పద్దు," అంది.

పత్తి సంగతి మాకే చెబుతుందా అని ఒళ్లు మండింది. ఆమె కత్తిరించగా మిగిలిన పీలికలను కొంగున ముడేసుకొచ్చాను. ఇంట్లో బాపు కొత్త నూలు అసలైనదో కాదో కాల్చి చూసినట్టే ఒక పీలికను అగ్గిపుల్లతో అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చింది. బూడిద వేళ్ల మధ్య పొడైంది.

"పత్తే బిడ్డా," అన్నాడు.

ఇంకో పీలికను నీళ్లలో వేశాను. పోగులన్నీ ఒక్కటై జావలా జారాయి. మా ఇంట్లో తడిస్తే జిగురెక్కే నూలంటే మురిగిన నూలే.

"పత్తయితే గిట్లయితదా? పాడైన సరుకు మనసొంటోళ్ల మీద రుద్దుతున్నరు."

"నర్సమ్మ ముందే చెప్పింది గద."

"ముందే చెప్పిందంటేనే నాకు నమ్మకం లేదు."

"పెండ్లిసూపులకు వచ్చిన అల్లుని అంగీ పోగు సుత కాల్చి సూద్దామన్నదానివి నువ్వు," అని నవ్వాడు బాపు.

మర్నాడు పొద్దున కట్టు అంచున జిగురు కనబడగానే విప్పి పారేశాను. ఉతికి ఎండేసిన మా సొంత నేత గుడ్డ చించి గట్టిగా చుట్టాను. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఆ మరుసటి రోజు దవాఖానలో గుడ్డ ఊడలేదు. పుండును కరుచుకుపోయింది. సెలైన్ పోసి నానబెట్టి తీసినా లేత చర్మం గుడ్డతోపాటే వచ్చేసింది. బాపు పళ్లు బిగబట్టి మంచం అంచు పట్టుకున్నాడు. నర్సు మొహంలో నవ్వు లేదు.

"ఎవరు కట్టిండ్రు ఇది?"

నేను నోరు తెరిచేలోపే బాపు, "నేనే కట్టిన సిస్టరమ్మా," అన్నాడు.

వేలు దక్కింది గానీ, పుండు మానడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ ఆ గుడ్డ ఎవరు కట్టారని ఎవరో ఒకరు అడిగేవారు, బాపు అదే మాట చెప్పేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా నేను ఒక్కసారి కూడా కాదనలేదు.