నూట నలభైతో మొదలయ్యే నంబరు

అది 2024 ఎండాకాలం. బద్వేలులో పోరుమామిళ్ళ రోడ్డు మీద నాకొక చిన్న మొబైల్ షాపు ఉంది. రీచార్జీలు చేయడం, పగిలిన స్క్రీన్లు మార్చడం, చార్జింగ్ పిన్నులు వేయడం నా పని. కొన్నేళ్ళుగా దీనికి ఇంకో పని తోడయింది. అక్కర్లేని కాల్స్ ఆపించుకోవడానికి జనం నా దగ్గరికి వస్తున్నారు. లోను ఇస్తామనేవాళ్ళు, ప్లాట్లు అమ్మేవాళ్ళు, లాటరీ తగిలిందనేవాళ్ళు. చేలో నీళ్ళు కట్టే మనిషినీ వదలరు, మసీదులో నమాజుకు నిలబడిన మనిషినీ వదలరు.

ఈ పనిలో నేను ముందు చూసేది నంబరు ఎట్లా మొదలయిందని. వ్యాపారం కోసం చేసే కాల్స్‌కు నూట నలభైతో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. దాన్ని మేం 140 సిరీస్ అంటాం. ఆ తర్వాత కాల్ లాగ్ చూస్తాను. ఎవరు ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు అని ఫోనే దాచుకునే లెక్క అది. స్పామ్ కాల్‌తో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. సంగతి అర్థం కాగానే పెట్టేస్తారు. నేను చూసిన ప్రతి ఫోనులోనూ అంతే, ఈశ్వరమ్మక్క ఫోను చూసేదాకా.

ఆ ఫోను తెచ్చింది ఆమె కాదు, ఆమె భర్త గంగిరెడ్డన్న. ఆయనకు బోరు బండి ఉంది. ఎండాకాలం వస్తే బండితో పాటు ఊర్లు పట్టుకుని తిరుగుతాడు, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. బిడ్డ తిరుపతిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. ఆ రోజు ఆయన షాపులోకి వచ్చి, వెనక ఎవరూ లేరని చూసుకుని, ఫోను కౌంటర్ మీద పెట్టాడు.

"బాషా, దీంట్లో ఎవురితో మాట్లాడ్తాందో తీసి చెప్పప్పా."

"ఎవరి ఫోనన్నా ఇది?"

"మా ఇంట్లోదానిది. చార్జింగ్ నిలబల్లేదు, బాగుచేపిస్తానని చెప్పి తెచ్చినా."

తెర మీద లాక్ ఉంది. పిన్ అడిగాను. ఆయన ముఖం నల్లబడింది.

"అదే గదా నేను చెప్పేది. ఇన్నేండ్లు లాకే లేదు. ఇప్పుడు పెట్టింది. ఎందుకు పెట్టిందంటావ్?"

ఫోను ఎవరిదో వాళ్ళు ఎదురుగా లేకుండా లాక్ తీయనని చెప్పాను. ఇది నా షాపు పెట్టిన మొదటిరోజు నుంచీ ఉన్న కట్టుబాటు. ఆయన కోపంగా వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"మొన్న చెప్పకుండా వచ్చినా. గేటు కాడ ఉండంగానే ఇనపడింది, నవ్వుతాంది. ఫోన్లో. నాతో అట్ల నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే తెల్దు. నన్ను చూసి పెట్టేసింది. ఎవురంటే కంపెనీవాళ్ళంది. కంపెనీవాళ్ళతో నవ్వేదేముంటాది? ఫోను గుంజుకోని నంబరు చూసినా, నూట నలభైతో ఉండాది. తిరిగి చేస్తే పోదు. దొంగ నంబరు గాకపోతే ఎందుకు పోదు?"

140 నంబర్లకు మనం తిరిగి చేస్తే కలవవని, అవి అటునుంచి ఇటు చేయడానికి మాత్రమేనని చెప్పాను. ఆయన నమ్మలేదు. అసూయపడ్డ మనిషికి ప్రతి జవాబూ కొత్త అనుమానంగానే కనిపిస్తుందని ఆ రోజు దగ్గర నుంచి చూశాను. ముందు తన బండి మేనేజరును అనుమానించాడు. తర్వాత వీధి చివర ఎరువుల అంగడి అతన్ని. ఆఖరికి నన్నే తేరిపార చూశాడు.

"ఇది రీచార్జికి నీ దగ్గరికే గదా వచ్చేది?"

"అన్నా!"

"కాదులేప్పా. ఊరికే అంటి."

అంతలో ఆ ఫోనే మోగింది. తెర ఎర్రగా వెలిగింది. చాలామంది స్పామ్ అని గుర్తు పెట్టిన నంబరైతే ఫోను అట్లా హెచ్చరిస్తుంది. మొదలు చూస్తే నూట నలభై. నేను ఆగమని చెప్పేలోపే ఆయన ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"ఎవుర్రా నువ్వు?"

అవతల కాల్ తెగిపోయింది.

"చూస్తివా!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "నా గొంతు ఇనంగానే పెట్టేసినాడు. కంపెనీవాడైతే పెడతాడా?"

ఆ మాటలో నిజం ఉంది. అమ్మేవాడు అంత తొందరగా పెట్టేయడు. తిట్టినా వింటాడు. "రేపు అక్కను తీసుకురా అన్నా. ఆమె ముందరే చూస్తా" అని పంపించాను.

మరునాడు ఇద్దరూ వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది, రోడ్డు మీద మనిషి లేడు. ఆ ఎండలో ఎందుకొచ్చారని గంగిరెడ్డన్నను అడిగాను. ఆ కాల్ వచ్చే సమయం అదేనట, కావాలనే ఆ వేళకు తీసుకొచ్చాడట. ఈశ్వరమ్మక్క కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. మనిషి చిక్కింది. నేను అడగకముందే లాక్ తీసి ఫోను నా చేతిలో పెట్టింది.

కాల్ లాగ్ తెరిచాను. రకరకాల నంబర్లు, అన్నీ 140 సిరీస్. చాలావాటికి మాట్లాడిన సమయం ఎప్పటిలాగే క్షణాల్లో ఉంది. మధ్యమధ్యలో కొన్ని మాత్రం ఇరవై నిమిషాలు, అరగంట. అనుమానం గంగిరెడ్డన్నది ఒక రకం, నాది ఇంకో రకం. ఇట్లా తీయగా మాట్లాడి, నమ్మకం కుదిరాక బ్యాంకు వివరాలు లాగే మోసగాళ్ళ సంగతి నాకు తెలుసు.

"అక్కా, ఓటీపీ ఏమన్నా అడిగినారా? ఆధార్ గానీ, ఏటీఎం కార్డు నంబరు గానీ?"

"ల్యా బాషా."

"మరి అంతసేపు ఏం మాట్లాడ్తావే?" అన్నాడు గంగిరెడ్డన్న. గొడవ ముదరకముందే నేను అడ్డుపడ్డాను.

ఈ నంబర్లన్నీ ఒకేసారి ఆపేయవచ్చని, నూట నలభైతో మొదలయ్యేది ఏదీ మోగకుండా సెట్టింగు ఉందని వాళ్ళకు చెప్పి, బ్లాక్ అని ఉన్న చోట వేలు పెట్టబోయాను. అక్క గబుక్కున అరచేయి తెర మీద అడ్డం పెట్టింది.

"అన్నీ ఆపు బాషా. ఆ ఒక్కటీ వద్దు."

గంగిరెడ్డన్న లేచి నిలబడ్డాడు. స్టూలు కింద పడింది.

"ఆ ఒక్కటీనా? ఎవుడే వాడు? ఈడనే చెప్పు, బాషా ముందరే చెప్పు!"

"వాడు గాదు. ఆడపిల్ల."

"అబద్ధం."

ఆయన రొప్పుతున్నాడు. నేను లేచి ఇద్దరి మధ్యా నిలబడాలా వద్దా అని ఆలోచిస్తుండగానే నా చేతిలోని ఫోను మోగింది. అక్క వైపు చూశాను. ఆమె భర్తను చూసి, "స్పీకర్లో పెట్టు" అంది.

అవతల నిజంగానే ఆడపిల్ల గొంతు. చిన్న వయసే. మన వైపు మాట కాదు.

"అమ్మా, నేనేనండి. నిన్న ఎవరో ఎత్తారు, భయమేసి కట్ చేసేశాను. ఏంటమ్మా, వెళ్ళారా ఆస్పత్రికి?"

"పోలేదు తల్లీ" అంది అక్క.

"ఇలాగైతే నేను మాట్లాడనండి మీతో. గడ్డ పెరిగిందన్నారు కదా. చంక దాకా నొప్పి అన్నారు కదా. ఇంట్లో ఆయనకైనా చెప్పండమ్మా. దండం పెడతాను."

గంగిరెడ్డన్న ఫోను వైపు కొద్దిగా వంగాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"మీరెవరండి?"

"దాని మొగుణ్ణి."

"అయితే మీరే తీసుకెళ్ళండి. ఇవాళే తీసుకెళ్ళండి" అంది. వెనకాల ఎవరో ఆమెను పిలుస్తున్నట్టు వినిపించింది. కాల్ అయిపోయింది.

తర్వాత అక్క చెప్పింది. ఆ పిల్ల ఆరోగ్య బీమా అమ్మే టెలీకాలర్. అంటే ఆఫీసులో కూర్చుని రోజంతా తెలియనివాళ్ళకు ఫోన్లు చేసే మనిషి. మొదటిసారి చేసినప్పుడు వాళ్ళు అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది, మీకేమైనా అనారోగ్యం ఉందా అని. అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. రొమ్ములో గడ్డ ఉందంటే పాలసీ రాదు. అమ్మేవాళ్ళ లెక్క ప్రకారం ఆ పిల్ల అక్కడితో పెట్టేయాలి. కానీ వాళ్ళ దగ్గర కాల్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది, ఫలానా వేళకు మళ్ళీ కలపమని మెషీనుకు చెప్పి పెట్టుకోవడం. ఆ పిల్ల అక్కను కాల్‌బ్యాక్‌లో పెట్టుకుంది. మెషీను ప్రతిసారీ ఒక కొత్త నంబరుతో కలిపేది. ఆస్పత్రికి పొమ్మని బతిమాలడం, తన హాస్టల్ తిండి గురించి చెప్పి నవ్వించడం, మళ్ళీ ఆస్పత్రి మాటే. ఫోనుకు లాక్ పెట్టుకొమ్మన్నదీ ఆ పిల్లేనట. ఫోను ఎవరి చేతికైనా చిక్కితే బ్యాంకులో డబ్బు పోతుంది, జాగ్రత్తమ్మా అని.

ఇదంతా విన్నాక గంగిరెడ్డన్న కుదుటపడతాడనుకున్నాను. మగవాడు కాదని తేలింది కదా. కానీ ఆయన ముఖంలో మంట ఇంకా ఎక్కువయింది.

"యాడో ఉండే పిల్లకు చెప్పినావు. నీ పక్కనే పండుకునే నాకు చెప్పలేదు. అది నాకంటే ఎక్కువైందా నీకు?"

"అది అడిగింది" అంది అక్క. "నువ్వెప్పుడన్నా అడిగినావా?"

"అడక్కపోతే చెప్పవా?"

"నీకు చెప్పాలంటే సిగ్గు. బిడ్డకు చెప్పాలంటే భయం, చదువు ఇడిసిపెట్టి వస్తాదని. ఆ పిల్ల ముఖం నేను చూడలేదు, నా ముఖం అది చూడలేదు. నోరు వచ్చింది. చెప్పినా."

ఆయన పడిపోయిన స్టూలు తీసి నిలబెట్టాడు గానీ దాని మీద కూర్చోలేదు. ఆ తర్వాత "పద" అన్నాడు. బస్సు కోసం చూడకుండా కారు మాట్లాడుకుని అటునుంచి అటే కడపకు పోయారు.

కడపలో పరీక్షలు చేశారు. చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో క్యాన్సరేనని తేలింది. ఇంకా ముదరలేదు, సమయానికే వచ్చారన్నారట. తిరుపతిలో ఆపరేషన్ అయింది. అక్క భయపడినట్టు బిడ్డ చదువు మానలేదు, హాస్టల్ నుంచి ఆస్పత్రికీ ఆస్పత్రి నుంచి క్లాసుకూ తిరిగింది. గంగిరెడ్డన్న ఆ వేసవంతా బోరు బండిని మేనేజరుకు అప్పజెప్పి, ఒకప్పుడు తాను అనుమానించిన ఆ మనిషి మీదే వదిలేసి, ఆస్పత్రి వరండాలో గడిపాడు.

ఆ రోజుల్లో ఒకసారి బద్వేలు వచ్చి నా షాపులో దిగాడు. జేబులోంచి అక్క ఫోను తీశాడు.

"బాషా, దీంట్లో ఏదీ ఆపలేదు గదా నువ్వు?"

"లేదన్నా. మీరు వెళ్ళిపోయినారు గదా ఆ రోజు."

"మంచిదైంది. ఈ ఫోను నా దగ్గరే పెట్టుకోని ఉండా. నూట నలభై వచ్చిందంటే ఎత్తుతాండా. ప్లాటంటారు, లోనంటారు. అందర్నీ అడుగుతాండా, మీ ఆఫీసులో ఫలానా పిల్ల ఉండాదా అని. ఎవురూ చెప్పరు."

"ఆ పిల్లతో ఏం పని అన్నా?"

"పిల్చుకోని పోయినా అని చెప్పల్ల" అన్నాడు. "ఈశ్వరమ్మ చెప్పేది కాదు. నేను చెప్పల్ల."

ఆ పిల్ల కాల్ రానే వచ్చింది. అక్క ఇంటికి తిరిగొచ్చి, ఫోను మళ్ళీ ఆమె చేతికొచ్చి, గంగిరెడ్డన్న బోరు బండి దగ్గరికి పోయిన రోజున వచ్చింది. సగం ఏడుపు, సగం నవ్వు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. సాయంత్రం ఆయన తిరిగొచ్చి నా దగ్గర నిలబడి దాని గురించే గొణుగుతున్నాడు.

"నేను ఇన్నాళ్ళు కాసుకోని ఉంటే రాలేదు. దీనికి వచ్చింది. నన్ను బాగుండాడా అని అడిగిందంట. అడిగేదేదో నన్నే అడగచ్చు గదా!"

ఆ మాటలో అసూయ అట్లాగే ఉంది, మనిషే కొంచెం మారాడు. ఇప్పుడు ఊరెళితే పూటకొకసారి ఇంటికి ఫోను చేసి తిన్నావా, మందేసుకున్నావా, నొప్పుందా అని వరసగా అడుగుతాడట. టెలీకాలర్ కన్నా ఎక్కువైపోయినాడని అక్క నవ్వుతుంది.

అప్పటి వరకు నాకు స్పామ్ కాల్ అంటే దోమ లాంటిది, కొట్టేయడమే పని. నంబరు మొదలు చూసి, తెర ఎరుపు చూసి, నాకంతా తెలుసనుకునేవాణ్ణి. ఆ రెండూ అటు నుంచి చేసేవాళ్ళ సంగతి చెప్తాయి. ఇటు ఎత్తేవాళ్ళు ఎందుకు ఎత్తుతున్నారో చెప్పవు. ఇప్పటికీ నూట నలభై నంబర్లు బ్లాక్ చేస్తూనే ఉన్నాను, అందులో ముప్పాతిక వంతు చేయదగ్గవే. కాకపోతే వేలు పెట్టేముందు ఫోను ఎవరిదో వాళ్ళనే ఒక మాట అడుగుతాను, వీటిలో మీకు కావాల్సింది ఏమన్నా ఉందా అని. దాదాపు అందరూ నవ్వేస్తారు. ఎవరన్నా నవ్వకుండా ఆగిపోతే, పక్కనున్న మనిషిని టీ చెప్పి రమ్మని బయటికి పంపిస్తాను.