ఏడో నంబరు రైట్ టైమ్

మా మామగారు పిట్టలకు టైమ్ వేసేవారు. చలికాలంలో పిట్టలకు గింజలు వేసేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు, నీళ్లు పెట్టేవాళ్లూ ఉంటారు. వచ్చిన ప్రతి పిట్టకూ వచ్చిన నిమిషం రిజిస్టరులో రాసి, ఆలస్యమైతే లేటు అని కేకవేసి మరీ చెప్పే మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆ ఇంటి కోడలిగా పదకొండు చలికాలాలు ఆ కేకతోనే నిద్ర లేచాను.

నిజానికి అందులో ఆయన తప్పేమీ లేదు. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు టైమ్‌కీపరుగా పనిచేశారు. గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న గది, కిటికీ ముందు బల్ల, బల్ల మీద రిజిస్టరు, చేతిలో ఎర్ర పెన్ను. బస్సు గేటు దాటగానే నంబరూ నిమిషమూ రాయాలి. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ చెయ్యి ఊరుకోలేదు. నెల తిరక్కుండా పెరట్లో ఇనప రాడ్డు పాతి, బస్సు ముందు తగిలించే పాత చెక్క బోర్డు ఒకటి తెచ్చి దాని మీద పళ్లెంలా బిగించారు. ఊరి పేరు ఎప్పుడో చెరిగిపోయిన ఆ బోర్డు మీద సజ్జలు, కొర్రలు పోసేవారు. పక్కనే పాత హెడ్‌లైటు గిన్నెలో నీళ్లు. ఎదురుగా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చునేవారు.

పిట్టలకు రూటు నంబర్లు కూడా ఇచ్చారు. పిచ్చుకలు ఒకటో నంబరు, సిటీ సర్వీసు, గోల ఎక్కువ. గోరింకలు మూడో నంబరు. పావురాలు లోడు లారీలు కాబట్టి వాటికి నంబరు లేదు. "ఇది ప్యాసింజరు స్టాండు, లారీలు ఆపకూడదు" అని గదమాయిస్తూనే వాటికి విడిగా కింద గింజలు పోసేవారు. కాకి టికెట్టు లేని ప్రయాణికుడు. తోక కింద ఎర్ర మచ్చ, నెత్తిన నల్ల జుట్టు ఉన్న పిగిలిపిట్ట ఒకటి వచ్చేది. అది ఏడో నంబరు. దాని టైము ఆరు నలభై.

నేను కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే "ఆరు నలభై. ఏడో నంబరు. రైట్ టైమ్" అన్న కేక విని దుప్పటి విసిరేసి వంటింట్లోకి పరుగెత్తాను.

"అత్తయ్యా, ఎవరైనా బస్సు దిగారా?"

"దిగలేదమ్మా, వాలారు," అన్నారు అత్తయ్య పాలగిన్నె దించుతూ. "అలవాటైపోతుందిలే. నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నువ్వు చదువుకున్నదానివి, ఇరవైలో అయిపోతుంది."

నిమిషం దగ్గర ఆయన దేవుడికి కూడా మినహాయింపు ఇచ్చే మనిషి కాదు. తన పెళ్లికి తనే ఆలస్యంగా చేరి, ఆ రోజు డైరీలో ‘పెళ్లికొడుకు పన్నెండు నిమిషాలు లేటు’ అని రాసుకున్నారట. మా ఆయన పుట్టిన రోజున ‘బాబు తొమ్మిది రోజులు లేటు, కారణం తెలియదు’ అని ఉంది. అది నేను నా కళ్లతో చదివాను. నేను ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతానని తెలిసినప్పుడు మాత్రం ఆయన ముఖం విప్పారింది. "తప్పులు పట్టే ఉద్యోగం. మన జాతే," అని అత్తయ్యతో అన్నారు. అత్తయ్య నా వైపు జాలిగా చూశారు.

మా పెరటి గోడకు అవతల డ్రైవరుగారి ఇల్లు. అదే డిపోలో ఏడో నంబరు బస్సు నడిపిన మనిషి. ఆయనకూ మామగారికీ ఉప్పూ నిప్పూ, కారణం నాలుగు నిమిషాలు. ఏడాది పొడవునా ఒక్క లేటు కూడా లేని డ్రైవరుకు డిపోలో గోడ గడియారం బహుమతి ఇచ్చేవారట. ఒక ఏడాది డ్రైవరుగారు చివరి రోజు దాకా ఒక్క నిమిషం తప్పకుండా వచ్చారు. ఆ చివరి రోజున కళ్లు పొడుచుకున్నా దారి కనపడనంత మంచు. బస్సును నడక వేగంతో తెచ్చి, యాభై మందిని క్షేమంగా దించారు. గేటు దాటేసరికి ఆరు నలభై నాలుగు. మామగారు కిటికీలోంచి చూసి, ఎర్ర పెన్నుతో ‘నాలుగు నిమిషాలు లేటు’ అని రాసేశారు.

"మంచు కనపడట్లేదా నీకు?" అన్నారట డ్రైవరుగారు.

"కనపడుతోంది. రిజిస్టరులో మంచుకు గడి లేదు," అన్నారట మామగారు.

గడియారం ఇంకెవరికో వెళ్లింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. గోడకు ఆ పక్క ఒకరు దగ్గితే ఈ పక్క ఇంకొకరు తుమ్మేవారు. అంతకుమించి రాకపోకలు లేవు.

నేను వచ్చిన ఆరో ఏట డ్రైవరుగారికి చూపు పోయింది. ముందు ఒక కన్ను, ఏడాది తిరిగేసరికి రెండోది. ఆయన కూతురు ఆసుపత్రిలో నర్సు. బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా నాతో కష్టం చెప్పుకునేది.

"నాన్న మంచం దిగట్లేదక్కా. లేచి ఏం చూడాలి అంటాడు. రోజూ నాలుగడుగులు వేయించకపోతే కాళ్లు కూడా బిగుసుకుపోతాయని డాక్టరుగారు చెప్పారు. నా మాట వింటేగా."

సరిగ్గా అప్పుడే మామగారి కేక పెద్దదైంది. అంతకుముందు ఇంటికి వినపడేది, ఇప్పుడు వీధికి వినపడసాగింది. పైగా రాడ్డును పీకి తీసుకెళ్లి డ్రైవరుగారి గోడకు ఆనించి పాతారు. కేక వినగానే గోడ అవతల కర్ర టకటకమని చప్పుడయ్యేది. పాపం, తిట్టడానికి లేస్తున్నాడు కాబోలు అనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. చూపు పోయి కూర్చున్న మనిషిని పొద్దున్నే ఏడో నంబరని కేకవేసి ఏడిపించడం ఏం పెద్దరికం?

"మామయ్యగారూ, ఆ పిట్ట నంబరు మార్చకూడదా? పదకొండు పెట్టండి."

"రూటు నంబరు మార్చాలంటే పైనుంచి ఆర్డరు రావాలమ్మా," అన్నారు ఆయన ఆకాశంకేసి చూపిస్తూ.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. ఆయనతో నీకెందుకు," అన్నారు అత్తయ్య.

ఆ మరుసటి చలికాలం చలి మామూలుగా లేదు. హెడ్‌లైటు గిన్నెలో నీళ్లు పొద్దునకల్లా అద్దంలా గడ్డకట్టేవి. దానికితోడు మా రెండిళ్ల వెనకా ఉన్న ఖాళీ జాగాలో ఎవరో ఇల్లు కట్టబోతూ పొదలన్నీ కొట్టించేశారు. ముందు గోరింకలు మానేశాయి, తర్వాత పిచ్చుకలు, ఆఖరికి పిగిలిపిట్ట కూడా. మామగారి అవస్థ చెప్పతరం కాదు. రెండు స్వెటర్లు, వాటి మీద డిపో వాళ్లిచ్చిన ఖాకీ కోటు, కోతి టోపీ. చెంచాతో మంచు పగలగొట్టి గోరువెచ్చని నీళ్లు పోసేవారు. గింజలు మార్చారు. ఆపిల్ పండు పలచగా కోసి బోర్డు మీద వరసగా పేర్చారు.

"ఇంట్లో మనిషికి ఏనాడైనా పండు కోసి పెట్టారా?" అన్నారు అత్తయ్య.

"నువ్వు టైముకి వస్తావు కదా. రానివాళ్లకే కదా పెట్టాల్సింది."

అయినా ఏ పిట్టా రాలేదు. కేక మాత్రం ఆగలేదు.

ఒకరోజు ఆయన "ఆరు నలభై. ఏడో నంబరు. రైట్ టైమ్" అనగానే నేను సంబరపడి వంటింటి కిటికీలోంచి చూశాను. బోర్డు మీద ఆపిల్ ముక్కలు తప్ప ఏమీ లేవు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మా ఆయనతో చెప్పాను.

"నాన్నా? లేని పిట్టకి టైమ్ వేస్తాడా? చచ్చినా వెయ్యడు," అన్నాడు. పొద్దున్నే లేచి కిటికీ దగ్గర నిలబడి చూశాడు. కేక విన్నాక కిటికీ రెక్క మూసేశాడు. "డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

మామగారు స్నానానికి వెళ్లినప్పుడు నేను రిజిస్టరు తెరిచాను. ఏ పిచ్చిరాతలు కనపడతాయోనని భయం. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. ఒకటో నంబరు, రాలేదు. మూడో నంబరు, రాలేదు. ఏడో నంబరు, రాలేదు. వరసగా పంతొమ్మిది రోజులు అదే మాట. మతి చక్కగానే ఉంది. నోరు ఒకటి చెబుతోంది, చెయ్యి ఒకటి రాస్తోంది, అంతే.

"ప్రూఫు దిద్దుతున్నావా?" అన్నారు వెనకనుంచి.

"మామయ్యగారూ, మీరు అరిచింది ఒకటి, రాసింది ఒకటి. ఏది కరెక్టు?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, గోడవైపు చూసి, గొంతు తగ్గించారు. "రాసిందే కరెక్టు. అరిచింది రిజిస్టరులోకి రాదు."

"మరి అరవడం ఎందుకు?"

"కేక వింటేనే వాడు లేస్తున్నాడమ్మా. మంచం దిగి, కర్ర పట్టుకుని, వరండా దాకా పద్దెనిమిది అడుగులు. నేను లెక్కపెట్టా. ఏడో నంబరు రాలేదని అరిస్తే ఇంకెందుకు లేస్తాడు? మళ్లీ ముసుగు తన్నేస్తాడు. తన బస్సు టైముకొచ్చిందంటే మాత్రం పడుకోలేడు. నాకు తెలుసుగా వాడి సంగతి."

"మీ ఇద్దరికీ మాటల్లేవు కదా?"

"లేవు. అయితే ఏంటి?"

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ రాయని మనిషి రోజూ పొద్దున్నే ఊరంతా వినేలా అబద్ధమాడుతున్నాడు. నేనేమో ఏడిపిస్తున్నాడని అనుకున్నాను.

అబద్ధం గొంతుకు పడలేదో, చలి పడలేదో గానీ అయిదో రోజుకు ఆయన గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు నోరు మెదపకూడదన్నారు డాక్టరుగారు. మర్నాడు పెరడంతా మంచు కమ్మింది. ఆరు ముప్పై ఏడుకు మామగారు కుర్చీలోంచి చెయ్యూపి నన్ను రమ్మని చీటీ ఇచ్చారు. ‘నువ్వు’ అని ఉంది.

"నేనా? వీధంతా వింటుంది మామయ్యగారూ."

ఇంకో చీటీ వచ్చింది. ‘6.39.’

గోడ దగ్గరికి వెళ్లి, కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని అరిచాను. "ఆరు నలభై. ఏడో నంబరు. రైట్ టైమ్." నా గొంతు నాకే మేకపిల్ల గొంతులా వినిపించింది. అవతల కర్ర చప్పుడయింది. నేనూ లెక్కపెట్టాను, పద్దెనిమిది.

"ఎవరమ్మా, కొత్త టైమ్‌కీపరా?" అన్నారు డ్రైవరుగారు.

"అవునండీ. మామయ్యగారికి గొంతు పోయింది."

"ఏడో నంబరు వచ్చిందా?"

"వచ్చిందండీ."

"రెక్కల చప్పుడు వినపడలేదే."

నేను ఖాళీ బోర్డు వైపు చూశాను.

"ఇరవై నాలుగు రోజులుగా వినపడట్లేదమ్మా. పోయింది కళ్లు, చెవులు కాదు. పిగిలిపిట్ట కుయ్యకుండా వాలుతుందా ఎక్కడన్నా?"

"మరి ఇన్నాళ్లూ మీరు..."

"నోట్లోంచి ఒక్క తప్పుడు నిమిషం రాని మనిషి నా కోసం రోజూ అబద్ధమాడుతుంటే పడుకుని ఎలా ఉంటానమ్మా? అబద్ధం ఆడటం కొత్త కదా, వణుకుతోంది గొంతు. ఇవాళ ఎలా ఆడతాడో విందామని లేస్తున్నా."

నేను వెనక్కి తిరిగాను. మామగారు గుమ్మంలోంచి ఎప్పుడొచ్చారో నా వెనకే నిలబడి ఉన్నారు. కోతి టోపీ కింద ముఖం ఎర్రబడింది. తిడదామంటే గొంతు లేదు.

"ఉష్," అన్నారు అవతలినుంచి డ్రైవరుగారు. "వచ్చింది."

ముందు కూత, ఆ తర్వాత రెక్కల చప్పుడు వినపడ్డాయి. మంచులోంచి పిగిలిపిట్ట వచ్చి బోర్డు మీద వాలి, అటూ ఇటూ చూసి ఆపిల్ ముక్కను పొడిచింది. అత్తయ్య వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"టైమెంతమ్మా?"

చేతి గడియారం చూసుకున్నాను. చెప్పాలంటే నాకే భయం వేసింది. "ఆరు నలభై నాలుగండీ."

అవతల నవ్వు వినిపించింది. "నాలుగు నిమిషాలు లేటు. రాయమను మరి ఎర్ర పెన్నుతో."

మామగారు కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచారు. స్కేలు అడిగి తీసుకున్నారు. పేజీ చివర నిలువుగా ఒక గీత గీసి కొత్త గడి తయారుచేశారు. దాని పైన ‘మంచు’ అని రాశారు. తర్వాత ఇంకేదో రాసి, రిజిస్టరు నా చేతికిచ్చి, గోడవైపు చూపించారు. నేను గట్టిగా చదివాను.

"ఏడో నంబరు. ఆరు నలభై నాలుగు. దారిలో మంచు. లేటుగా పరిగణించరాదు."

గోడ అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అయితే నా గడియారం ఏది?" అన్నారు డ్రైవరుగారు.

ఆ రోజే మా హాల్లో గంటలు కొట్టే గోడ గడియారాన్ని మా ఆయన మోసుకెళ్లి వాళ్ల వరండాలో తగిలించి వచ్చాడు. "ఇక మనం టైము ఎవర్ని అడగాలి?" అన్నారు అత్తయ్య. ‘నన్ను’ అని చీటీ వచ్చింది.

మా ఇంట్లో ఒక్క నిమిషం తేడా చూపని ఆ గడియారం, అక్కడికి వెళ్లాక రోజూ నాలుగు నిమిషాలు వెనకబడసాగింది. మామగారు ఓర్చుకోగలరా? పిట్టల పని కాగానే రోజూ వాళ్ల గేటు తీసుకుని వెళ్లి ముల్లు సరిచేసేవారు. ఎలాగూ వచ్చాడు కదా అని డ్రైవరుగారు కుర్చీ వేయించేవారు. ఇద్దరూ టీ తాగుతూ, పాత రూట్ల మీద గంటసేపు దెబ్బలాడుకుని కులాసాగా విడిపోయేవారు. రిపేరుకిస్తే గడియారం నిక్షేపంలా ఉందన్నాడు గడియారాలాయన. "వాడికి పని రాదు," అని తేల్చేశారు మామగారు.

అసలు సంగతి నర్సమ్మాయి నాకు చెప్పింది, నవ్వాపుకోలేక. "రోజూ సాయంత్రం నాన్నే అక్కా. అద్దం తలుపు తీసి, వేలితో ముల్లు తడుముకుని, నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పుతాడు. లేకపోతే మీ మామయ్యగారు రారట."

తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేని ఉద్యోగం నాది. ఆ నాలుగు నిమిషాల సంగతి మాత్రం మామగారికి ఏనాడూ చెప్పలేదు.