సైలస్ సార్ సీసాలు

ఎక్కడ బొగ్గు కనబడ్డా జేబులో వేసుకోవడం సైలస్ సార్ జబ్బు. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. వేసుకునేవి అన్నీ తెల్లచొక్కాలే.

"ఏంది సార్, ఇస్త్రీ సగంలున్నది. నా బొగ్గులు తీస్కపోతే ఎట్ల?" అని లాలాగూడలో మా వీధి ఇస్త్రీబండి తిరుమల్ రోజూ మొత్తుకునేవాడు.

"ఒక్క ముక్కే తిరుమల్, సైన్స్ కోసం!"

బొగ్గు చాలదన్నట్టు తుప్పు కూడా కావాలి. గీకీ గీకీ మా అపార్ట్‌మెంట్ గేటును కొత్తదాన్ని చేశారు. బొగ్గుపొడి, తుప్పు, కుండీమట్టి, నీళ్లు సీసాల్లో కలిపి పై అంతస్తు అనసూయమ్మగారికొకటి, కింద నాకొకటి ఇచ్చారు.

"మట్టిలో కంటికి కనబడని జీవులుంటాయి యామినీ. అవి వదిలిన ఎలక్ట్రాన్లను బొగ్గు పుచ్చుకుని తుప్పుకిస్తుంది."

"అది నా ఇంట్లోనే జరగాలా సార్?"

"ఒక్కో ఇంట్లో ఒక్కో వేడి, పోల్చి చూడాలి. జెర ఓపిక పట్టమ్మా."

కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి మూడేళ్లు. ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరొక్కటే. సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం బెల్ మోగేది. నేను తీగలు సీసాలో ముంచి పట్టుకోవాలి. ఆయన మీటరు తనవైపు తిప్పుకుని "బేష్!" అని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. వెళ్తూ వెళ్తూ "అనసూయమ్మ గోంగూర పంపింది, తిను" అనేవారు.

ఆఫీసులో చివాట్లు తిన్న రోజున విసుక్కున్నాను. "ఇక రాకండి సార్. సీసా తీసుకుపొండి."

"సరేనమ్మా" అని పట్టుకెళ్లారు.

మర్నాడు ఆరయింది. బెల్ మోగలేదు. ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. రెండోనాడు నేనే వెళ్లాను. "టీ పెడతానుండు" అని ఆయన వంటింట్లోకి వెళ్లారు. బల్లమీద నోట్‌బుక్ తెరిచి ఉంది. అంకెలు ఒక్కటీ లేవు.

"అనసూయమ్మ: దగ్గు తగ్గింది. యామినికి జొన్నరొట్టె చేస్తానంది."

"యామిని: వంట చేయలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి."

చివరిది మొన్నటిది. "యామిని: రావద్దంది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది."

సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనే ఉన్న మీటరు తిప్పి చూశాను.

"సార్, ఇందులో బ్యాటరీ లేదు!"

"అరెరే, ఎప్పట్నుంచీ?" అని ఆయన బ్రహ్మాండంగా ఆశ్చర్యపోయారు.

అప్పుడే గమనించాను, వంటింటి గట్టుమీద కడిగి బోర్లించిన కప్పు ఒక్కటే ఉంది. భార్య మార్తగారు పోయాక రెండోది తీయలేదేమో. మాకు వంటలూ కబుర్లూ మోసిన మనిషిని పలకరించేవాళ్లే లేరు.

"నా సీసా ఇక్కడే ఉంచండి. రోజూ ఆరింటికి నేనొస్తాను. తీగలు మీరు పట్టుకోవాలి."

"మరి మీటరు?"

"నేను చూస్తాను."

మర్నాడు వెళ్లి, మీటరు నావైపు తిప్పుకుని "బేష్!" అన్నాను. కొత్త పేజీలో రాశాను:

"సైలస్ సార్: రెండు కప్పులు కడిగారు. జేబు నల్లగానే ఉంది."