పూడిమడకలో ఒకే ఎత్తున్న రెండు చోట్లు

ఉదయం రాజమండ్రిలో రైలెక్కాను. పూడిమడకలో చేపలు ఎండబెట్టే సిమెంటు గట్టు ఎక్కడ కట్టాలో తేల్చుకురమ్మని మా ఆఫీసు నన్ను పంపింది.

నిజానికి ఆ పని కుర్చీలోంచి కదలకుండానే చేసేశాననుకున్నాను. ఊళ్లో ఎండుచేపలమ్మే తోడికోడళ్లు నూకాలమ్మ, పోలమ్మలకు ఒకరితో ఒకరికి మాటల్లేవు; ఫోన్లో చెరో చోటూ గుర్తుపెట్టి పంపి, అక్కడే కట్టాలన్నారు. సముద్రం పోటు నీళ్లు చేరకుండా, ఏది ఎత్తయితే అక్కడ కట్టాలి. మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో రెండు చుక్కలు పెట్టి, నేల ఎత్తుల డేటా నుంచి వాటి ఎత్తులు రాబట్టాను. రెంటికీ ఒకే అంకె వచ్చింది, దశాంశంతో సహా. ఫోన్లో ఆ మాట చెప్పానో లేదో, గొడవ రెట్టింపయింది.

అనకాపల్లిలో దిగి, ఇడ్లీ తిని బస్సెక్కాను. పక్కసీట్లో బెల్లం వ్యాపారి నా పని విని, "సముద్రం పక్కన ఎత్తులేటండి? అంతా ఒకలాగే ఉంటాది కదా!" అన్నాడు. నా ఆశ కూడా అదే.

అచ్యుతాపురంలో షేర్ ఆటో మారి, పూడిమడక చేరేసరికి పదకొండు దాటింది. తోడికోడళ్లిద్దరూ ఎదురొచ్చారు, ఒకరికొకరు ఎడంగా. నూకాలమ్మ చోటు ఇసుకదిబ్బ మీద. పోలమ్మది దాని దిగువన, పడవల పక్కన. తేడా కంటికే తెలుస్తోంది.

"మరి ఒకటేనన్నావేటమ్మా?" అంది నూకాలమ్మ.

డేటాలో నేలంతా పెద్ద పెద్ద గళ్లుగా ఉంటుందనీ, గడి మొత్తానికి ఒకే ఎత్తు ఉంటుందనీ, ఇద్దరి చోట్లూ ఒకే గడిలో పడ్డాయనీ నసిగాను.

"ఒకే గడిలో మేవిద్దరవా? మీ కంప్యూటర్‌కి మా సంగతి తెల్దు!" అంది పోలమ్మ. చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు.

ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, మేస్త్రీలు మట్టం చూసినట్టు చూశాను. ఒకరినొకరు నమ్మక, చెరో కొసా తోడికోడళ్లే పట్టుకున్నారు. దిబ్బ మోకాలెత్తు ఎక్కువని తేలింది. పోలమ్మ మొహం చిన్నబోయింది.

నేను గొట్టంలో నీళ్లు పారబోస్తుంటే ఆవిడే, "సరే, అక్కడే కట్టండి. గట్టుకి తూరుపేపు సగం నాదని దానికి సెప్పు" అంది.

"తీసుకోమను" అంది నూకాలమ్మ, నాకేసే చూస్తూ.

భోజనం నూకాలమ్మ ఇంట్లో. పులుసు ఆవిడది, వేపుడు పోలమ్మ పంపింది. రెండూ ఒకేలా బాగున్నాయన్నాను. ఈసారీ ఎవరూ నమ్మలేదు.

మూడున్నరకి తిరుగు ప్రయాణం. అనకాపల్లిలో అమ్మడానికి ఎండుచేపల బుట్టలతో వాళ్లూ బయల్దేరారు. ఈసారి నేరుగా అనకాపల్లి బస్సే వచ్చింది కానీ, అందులో ఒక్క సీటే దొరికింది. నూకాలమ్మ కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని జరిగి, "కూకోమని సెప్పమ్మా" అంది నాతో. చెప్పాను. పోలమ్మ కూర్చుంది. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

ఊరు దాటాక, "ఒకే ఎత్తంట, సూసేవా?" అంది పోలమ్మ, నన్ను దాటి సూటిగా తోడికోడలితోనే.

"సదువుకున్న పిల్లే!" అని నవ్వింది నూకాలమ్మ.

అనకాపల్లి దాకా ఇద్దరూ ఏకమై నన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నారు.